ముడిసరుకు మీద సుంకం: కూటమిలో చేరేటప్పుడు బేరం ఎక్కడ ఆడాలి?

తూర్పు ఆఫ్రికా సమాఖ్యలో 2022లో డీఆర్ కాంగో, 2024లో సొమాలియా చేరాయి. ఆ చేరికల మీద మేం వేసిన వార్త చదివి కంపాలా నుంచి స్టుట్‌గార్ట్ దాకా పాఠకులు ప్రశ్నలు పంపారు. చాలామంది అడిగింది ఒకటే. కూటమిలో చేరాక ఫ్యాక్టరీకి కావలసిన ముడిసరుకు మీద సుంకం ఎవరు నిర్ణయిస్తారు, దాన్ని తగ్గించుకునే దారేమిటి? కస్టమ్స్, వాణిజ్య ఒప్పందాల పని బాగా తెలిసినవారితో జవాబులు రాయించాం.

ప్రశ్న: స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందానికీ కస్టమ్స్ యూనియన్‌కీ తేడా పుస్తకాల్లో రెండు లైన్లలో చెప్పి వదిలేస్తారు. ముడిసరుకు దగ్గరకు వచ్చేసరికి ఆ తేడా అంత పెద్దది ఎందుకవుతుంది? నిజంగా జరిగిన ఉదాహరణతో చెప్పగలరా?
— పోటీ పరీక్షల అభ్యర్థి, అశోక్‌నగర్, హైదరాబాద్

జవాబు: స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందంలో సభ్య దేశాలు ఒకరి సరుకు మీద ఒకరు సుంకం తీసేస్తారు. బయటి దేశాల సరుకు మీద మాత్రం ఎవరి రేటు వారిదే. కస్టమ్స్ యూనియన్‌లో ఆ రెండో హక్కు కూడా పోతుంది. బయటి సరుకు ఏ సభ్య దేశపు రేవులో దిగినా ఒకే రేటు కట్టాలి. దీన్ని ఉమ్మడి బాహ్య సుంకం అంటారు. చేరిన తర్వాత మీ ఆర్థిక మంత్రి బడ్జెట్ రోజున ఏదో ఒక రసాయనం మీద సుంకం ఎత్తేద్దామనుకున్నా, మిగతా సభ్యులు సరేనంటేనే కుదురుతుంది.

గనులూ అడవులూ లేని దేశం ముడిసరుకును సున్నా సుంకానికి తెచ్చుకుంటుంది. అవి ఉన్న దేశమో, లోహాన్ని కరిగించే కర్మాగారం ఉన్న దేశమో సుంకం పెట్టుకుంటుంది. రెండూ ఒకే యూనియన్‌లోకి వస్తే ఒకరు దిగాలి, లేదా ఇంకొకరు ఎక్కాలి.

బ్రిటన్ యూరోపియన్ ఆర్థిక సముదాయంలో చేరిన కథ చూడండి. 1961లో మొదటిసారి దరఖాస్తు పెట్టింది. 1963 జనవరిలో ఫ్రాన్స్ అధ్యక్షుడు డీగాల్ అడ్డుచెప్పారు. 1967లో మళ్లీ అడిగితే మళ్లీ అదే జరిగింది. 1970 జూన్‌లో మొదలైన చర్చలు ఫలించి 1972 జనవరి 22న బ్రస్సెల్స్‌లో సంతకాలయ్యాయి. 1973 జనవరి 1న చేరింది. అప్పటిదాకా బ్రిటన్ కర్మాగారాలకు కెనడా, ఆస్ట్రేలియా వంటి కామన్వెల్త్ దేశాల నుంచి చాలా ముడిసరుకు సుంకం లేకుండానే వచ్చేది. చేరితే వాటి మీద ఐరోపా ఉమ్మడి సుంకం పడుతుంది. కాబట్టి చేరిక ఒప్పందానికి జతచేసిన ప్రొటోకాళ్లలో 8 నుంచి 15 వరకు వరసగా ఎనిమిది ముడిసరుకులవే: భాస్వరం, అల్యూమినా, తోళ్లు పదును పెట్టడానికి వాడే తుమ్మజాతి చెట్ల సారం, ప్లైవుడ్, కాగితపు గుజ్జు, న్యూస్‌ప్రింట్, సీసం, జింకు. వెన్న మీద, చక్కెర మీద జరిగిన గొడవలే పత్రికల్లో ఎక్కువ కనిపించాయి. కానీ ఈ ఎనిమిది పత్రాలను చదివితే ముడిసరుకు బేరం ఎలా జరుగుతుందో అర్థమవుతుంది. "పారిశ్రామిక ముడిసరుకులన్నిటికీ మినహాయింపు" అనే మాట ఎక్కడా లేదు. ఒక్కో సరుకుకూ విడిగా ఒక్కో పత్రం ఉంది.

ప్రశ్న: నమస్కారం. మాది ఇళ్ల పైకప్పు రేకులు చేసే ఫ్యాక్టరీ. పూత వేసిన ఉక్కు కాయిల్ తెచ్చి, మడతలు పెట్టి, కోసి అమ్ముతాం. మాకు కాయిల్ ముడిసరుకు. కానీ ఉమ్మడి సుంకంలో దాన్ని తయారైన సరుకు కింద లెక్కగడుతున్నారు. దీన్ని ఎవరు నిర్ణయిస్తారు? కొత్తగా చేరే దేశంలో మాకు ఇంకో యూనిట్ పెట్టే ఆలోచన ఉంది. అక్కడి ప్రభుత్వానికి ఏమని రాయాలి?
— ఫ్యాక్టరీ అకౌంట్స్ మేనేజర్, కంపాలా

జవాబు: మీ ప్రశ్న అందరికీ పనికొచ్చేది, కాబట్టి వివరంగా చెబుతాం.

తూర్పు ఆఫ్రికా కస్టమ్స్ యూనియన్ 2005 జనవరి 1న కెన్యా, ఉగాండా, టాంజానియాలతో మొదలైంది. సుంకం మూడు మెట్లు: ముడిసరుకుకూ యంత్రాలకూ 0, సగం తయారైన సరుకుకు 10 శాతం, పూర్తిగా తయారైనదానికి 25 శాతం. 2022 జులై 1 నుంచి కొన్ని సరుకులకు 35 శాతంతో నాలుగో మెట్టు చేర్చారు. అంతకుముందు ఉగాండా రేట్లు 0, 7, 15 శాతం. అంటే చేరిక వల్ల ఉగాండాకు పైమెట్టు 15 నుంచి 25కు పెరిగింది. ఆ దెబ్బ తట్టుకోవడానికే ఉగాండా వందకు పైగా పారిశ్రామిక ముడిసరుకుల జాబితా ఒకటి పట్టుబట్టి సాధించుకుంది. అది గడువున్న జాబితా. గడువు దగ్గరపడ్డప్పుడల్లా మళ్లీ పొడిగింపు అడగాల్సి వచ్చింది.

ఇక ముడిసరుకు అంటే ఏమిటన్నది మీ ఫ్యాక్టరీ గేటు దగ్గర తేలదు. కూటమిలో ఇంకెవరైనా దాన్ని తయారుచేస్తున్నారా అన్నదాన్ని బట్టి తేలుతుంది. కోల్డ్ రోల్డ్ షీటుకు జింకు పూత వేసే మిల్లు ఒక్క సభ్య దేశంలో ఉన్నా, మీరు ముడిసరుకు అంటున్న పూత కాయిల్ ఆ దేశానికి తయారైన సరుకే. వాళ్లు దానికి 25, 35 అడుగుతారు. మీరు సున్నా అడుగుతారు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు.

ఉక్కు విషయంలో ఇంకో చిక్కుంది. అంతర్జాతీయ హెచ్‌ఎస్ కోడ్‌లో (సరుకులను కస్టమ్స్ గుర్తించే అంకెల వర్గీకరణలో) వేడిగా రోల్ చేసిన వెడల్పు ఉక్కు 7208, చల్లగా రోల్ చేసింది 7209, పూత వేసింది 7210. మీరు తెచ్చే జింకు పూత కాయిల్ 7210.49, రంగు పూసినదైతే 7210.70. మీరు మడతలు పెట్టి అమ్మే జింకు రేకు 7210.41. అంటే మీ ముడిసరుకూ మీ ఉత్పత్తీ ఒకే నాలుగంకెల శీర్షికలో ఉన్నాయి. ప్రభుత్వం నాలుగంకెల స్థాయిలో చర్చకు కూర్చుంటే మీ రేకుకు రక్షణ అడిగిన ప్రతిసారీ మీ కాయిల్ మీద కూడా సుంకం అడిగినట్టే. కాబట్టి మీ ఉత్తరంలో మొట్టమొదట రాయాల్సింది ఇదే: చర్చ కనీసం ఆరంకెల స్థాయిలో జరగాలి, వీలైతే ఎనిమిదంకెల్లో కొత్త ఉపశీర్షిక విడగొట్టాలి.

వెడల్పు కూడా చూసుకోండి. 7210 అంటే 600 మిల్లీమీటర్లు, ఆపైన. అంతకంటే సన్నగా చీల్చిన కాయిల్ 7212 కిందికి పోతుంది. 7210కు రాయితీ సంపాదించి, 580 మిల్లీమీటర్ల చీలిక కాయిల్ ఆర్డరిస్తే రేవులో పూర్తి సుంకం పడుతుంది. ఉక్కులో బోరాన్ లాంటి మిశ్రమ ధాతువు నిర్ణీత మోతాదు దాటితే అది మిశ్రమ ఉక్కు కిందికి, అంటే 7225కు మారిపోతుంది. సరఫరాదారు మిల్లు సర్టిఫికెట్‌లో రసాయన విశ్లేషణ చదవకుండా ఆర్డరివ్వకండి.

ఇప్పుడు లెక్క. అర్థం కావడం కోసం గుండ్రటి అంకెలు తీసుకుందాం. టన్ను కాయిల్ ప్రపంచ ధర 800 డాలర్లు, టన్ను రేకు ధర 1,000 డాలర్లు. అంటే మీ ఫ్యాక్టరీ చేర్చే విలువ 200 డాలర్లు. రేకు మీద సుంకం 25 శాతమైతే దేశంలో రేకును 1,250 దాకా అమ్మవచ్చు. కాయిల్ మీద సుంకం సున్నా అయితే మీకు మిగిలేది 450. సుంకాలు లేనప్పటి 200 కన్నా 250 ఎక్కువ, అంటే మీ పనికి దొరికిన అసలు రక్షణ 125 శాతం. కాయిల్ మీద 10 శాతం పడితే 880కి కొని 370 మిగుల్చుకుంటారు, రక్షణ 85 శాతం. కాయిల్ మీద కూడా 25 పడితే మిగిలేది 250, రక్షణ 25 శాతం. కాయిల్ మీద 35, రేకు మీద 25 అయితే మిగిలేది 170. సుంకాలే లేని రోజుల్లో కంటే 30 డాలర్లు తక్కువ. దీన్ని తలకిందుల సుంకం అంటారు. ఇది వచ్చాక ఫ్యాక్టరీ మూసి తయారైన రేకును దిగుమతి చేసుకోవడమే లాభం.

ఈ లెక్కలో ముఖ్యమైన సంగతేమిటంటే, ఖర్చులో ముడిసరుకు వాటా 80 శాతం ఉన్నచోట కాయిల్ మీద ప్రతి 10 శాతం సుంకం మీరు చేర్చే విలువలో 40 శాతాన్ని తినేస్తుంది. ముడిసరుకు వాటా 20 శాతమే ఉన్న పరిశ్రమకు అదే 10 శాతం సుంకం 2.5 శాతం మాత్రమే. ప్రభుత్వానికి ఈ పట్టిక ఒక్క పేజీలో ఇవ్వండి. పది పేజీల వినతిపత్రం కన్నా ఇది పనిచేస్తుంది. అయితే అవతలివాళ్ల ప్రశ్నకు సిద్ధంగా ఉండండి: లోపల రేకులు చేసే ఫ్యాక్టరీలు ఎక్కువై పోటీ గట్టిగా ఉంటే 1,250 ధర రాదు, అప్పుడు రక్షణ అంతా కాగితం మీదే.

పత్రాల సంగతి. గత మూడేళ్ల దిగుమతి బిల్లులు కోడ్ వారీగా, పరిమాణం, సీఐఎఫ్ విలువ (సరుకు ధర, బీమా, రవాణా కలిపి), పుట్టిన దేశం సహా పట్టికగా వేయండి. సాంకేతిక వివరం రాయండి: మందం, పూత బరువు చదరపు మీటరుకు ఎన్ని గ్రాములు, గ్రేడు. కూటమిలోని తయారీదారులకు అదే వివరంతో రాతపూర్వకంగా కొటేషన్ అడగండి. వాళ్ల జవాబే మీకు అసలు సాక్ష్యం. "మా దగ్గర లేదు" అంటే సున్నా అడగవచ్చు. "ఉంది, కానీ నెలకు ఇంతే" అంటే కోటా, అంటే నిర్ణీత పరిమాణం వరకే సుంకం లేని దిగుమతి, అడగాలి. జవాబే రాకపోతే ఉత్తరం పంపిన రసీదు జత చేయండి. టన్ను రేకుకు ఎంత కాయిల్ పడుతుంది, తరుగు ఎంత, తుక్కు ఎవరికి అమ్ముతారు అన్నదీ రాయండి. తుక్కు లెక్క చూపని దరఖాస్తును కస్టమ్స్ నమ్మదు.

ఇక ఏ రూపంలో అడగాలి? చాలామంది రేటు ఒక్కటే చూస్తారు. మా దృష్టిలో రేటు కన్నా అది ఎంతకాలం నిలుస్తుంది, ఎవరి సంతకంతో నిలుస్తుంది అన్నదే పెద్దది. ఉమ్మడి సుంకపు పుస్తకంలోనే సున్నా రాయించుకోవడం అన్నిటికన్నా గట్టిది. అది మారాలంటే అందరూ మళ్లీ కూర్చోవాలి. ఆ తర్వాతిది చేరిక ఒప్పందంలో పేరు పెట్టి రాసిన సుంకం లేని కోటా. దానికంటే బలహీనం దేశం వారీ నిలుపుదల, అంటే ఒక్క దేశానికి ఉమ్మడి రేటును కొంతకాలం ఆపి వేరే రేటు ఒప్పుకోవడం. తూర్పు ఆఫ్రికాలో ఇది ఏటా బడ్జెట్‌కు ముందు ఆర్థిక మంత్రులు ఒప్పుకుని జులై 1 నుంచి అమలు చేసేది. అన్నిటికన్నా బలహీనం ఫ్యాక్టరీ పేరు మీద ఇచ్చే సుంకం మాఫీ. అక్కడి 2004 కస్టమ్స్ చట్టం 140వ సెక్షన్ కింద ఇది వస్తుంది. సాధారణంగా ఏడాది గడువుతో గెజిట్‌లో ప్రకటిస్తారు. ఏటా మళ్లీ అడగాల్సిన రాయితీని నమ్ముకుని పదేళ్ల బ్యాంకు అప్పు తీసుకోకండి.

కోటా అడిగితే పరిమాణం నిజాయతీగా కట్టండి. మీ దేశపు అవసరం 12,000 టన్నులు, కూటమిలో దొరికేది 4,000 అయితే కోటా 8,000 అడగండి. 12,000 అడిగితే ఆ మిల్లు ఉన్న దేశం మొత్తం దరఖాస్తును తిరగ్గొడుతుంది. ముందొచ్చినవారికి ముందు అనే పద్ధతిలో కోటా తెరిస్తే పెద్ద దిగుమతిదారులు జనవరిలోనే ఊడ్చేస్తారు. మూడు నెలలకోసారి 2,000 టన్నుల చొప్పున విడుదల చేయమని ముందే రాయించండి.

ప్రశ్న: సుంకం ఒక్కసారిగా పెంచరు, మెల్లగా పెంచుతారు అంటారు. ఎంత మెల్లగా?
— కళాశాల అధ్యాపకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: ఒప్పందాన్ని బట్టి ఉంటుంది. బ్రిటన్ బయటి సుంకాన్ని ఐరోపా రేటుకు నాలుగు అడుగుల్లో మార్చింది: 1974 జనవరి 1న తేడాలో 40 శాతం, 1975 జనవరి 1న 20, 1976 జనవరి 1న 20, 1977 జులై 1న చివరి 20. బ్రిటన్‌లో సున్నా ఉండి ఐరోపాలో 10 శాతం ఉన్న సరుకు అనుకుంటే 4, 6, 8, 10గా ఎక్కుతుంది. లోపలి సుంకం మాత్రం 1973 ఏప్రిల్ 1 నుంచి అయిదు సమాన భాగాలుగా తగ్గుతూ వచ్చింది. రెండూ ఒకే రోజు ముగిశాయి, కానీ బయటి సుంకపు మొదటి అడుగు పెద్దది. అడుగుల సంఖ్య ఒక్కటే చూసి సంతోషపడకూడదు. మొదటి అడుగులోనే 40 శాతం పడితే కొత్త సరఫరాదారును వెతుక్కునే వ్యవధి తక్కువ.

ప్రశ్న: ప్రపంచ వాణిజ్య సంస్థలో ఇంతకు మించి సుంకం పెంచం అని మాటిచ్చిన దేశం కూటమిలో చేరి పెంచితే, ఆ మాట ఏమవుతుంది?
— న్యాయశాస్త్ర విద్యార్థి, విశాఖపట్నం

జవాబు: మాట ఉంటుంది, మూల్యం చెల్లించాలి. గాట్ (ప్రపంచ వాణిజ్య సంస్థకు మూలమైన సుంకాల, వాణిజ్య ఒప్పందం) 24వ అధికరణం ప్రకారం కస్టమ్స్ యూనియన్ మొత్తం మీద బయటివారికి మునుపటికన్నా భారం కాకూడదు. అందులోని 6వ పేరా ప్రకారం, కట్టుబడిన రేటు పెరిగితే 28వ అధికరణం కింద నష్టపోయే దేశాలతో మాట్లాడి వేరే సరుకు మీద పరిహారం ఇవ్వాలి. ఒప్పందం కుదరకపోతే, రేటు పెంచిన ఆరు నెలల్లోపు 30 రోజుల నోటీసుతో అవతలి దేశం దాదాపు సమానమైన తన రాయితీలను వెనక్కి తీసుకోవచ్చు.

ఇది కాగితపు నిబంధన కాదని రెండు ఉదాహరణలు చెబుతాయి. 1986లో స్పెయిన్, పోర్చుగల్ ఐరోపా సముదాయంలో చేరాక అమెరికా తన మొక్కజొన్న, జొన్న ఎగుమతి పోయిందని గట్టిగా పట్టుకుంది. చివరికి స్పెయిన్‌లోకి ఏటా 20 లక్షల టన్నుల మొక్కజొన్న, 3 లక్షల టన్నుల జొన్న దిగుమతికి ఐరోపా ఒప్పుకుంది. దాణా ఫ్యాక్టరీలకు అవి ముడిసరుకే.

రెండోది న్యూస్‌ప్రింట్. బ్రిటన్ చేరిక తర్వాత ఐరోపా సముదాయం ఏటా 15 లక్షల టన్నుల న్యూస్‌ప్రింట్‌కు సుంకం లేని కోటా ఇస్తానని గాట్‌లో కట్టుబడింది. 1984లో స్వీడన్ వంటి దేశాల కాగితం వేరే ఒప్పందం కింద సుంకం లేకుండానే రావడం మొదలైంది. అప్పుడు ఇంత కోటా ఎందుకని ఐరోపా దాన్ని సొంతంగా 5 లక్షల టన్నులకు తగ్గించింది. కెనడా ఫిర్యాదు చేసింది. ఆ నవంబరులో గాట్ ప్యానెల్ కెనడా వైపే నిలిచింది: చర్చలు జరపకుండా ఏకపక్షంగా తగ్గించడం చెల్లదు. అంకె గాట్ జాబితాకు ఎక్కి ఉండడమే కెనడాను కాపాడింది.

ఇటీవలి కాలంలో ఆర్మేనియా, కజకిస్థాన్ ఇదే చిక్కులో పడ్డాయి. ఆర్మేనియా 2003 నుంచి ప్రపంచ వాణిజ్య సంస్థ సభ్యురాలు. 2015 జనవరి 2న రష్యా, కజకిస్థాన్ ఉన్న యురేషియా ఆర్థిక యూనియన్‌లో చేరింది. రేట్లు ఒక్కసారిగా ఎక్కకుండా సుమారు 800 టారిఫ్ లైన్లకు (సుంకపు పుస్తకంలో ఒక్కో సరుకు వరసకు) 2022 దాకా పాత తక్కువ రేటు ఉంచుకుంది. కజకిస్థాన్‌ది తలకిందులు: ముందు యూనియన్, తర్వాత 2015 నవంబరు 30న ప్రపంచ వాణిజ్య సంస్థ. అక్కడ ఒప్పుకున్న రేట్లు యూనియన్ రేట్ల కన్నా తక్కువ కావడంతో మూడు వేలకు పైగా లైన్లకు మినహాయింపు జాబితా పెట్టాల్సి వచ్చింది.

ప్రశ్న: మన దేశంలో మాత్రమే ముడిసరుకు చవగ్గా దిగితే పక్క సభ్య దేశంవాళ్లు ఊరుకుంటారా?
— ఎగుమతి వ్యాపారి, దార్-ఎస్-సలామ్

జవాబు: ఊరుకోరు. కజకిస్థాన్ పైన చెప్పిన జాబితాలో తక్కువ రేటుకు తెచ్చిన సరుకు ఆ దేశంలోనే ఉండాలి. రష్యాకు పోకుండా చూసే బాధ్యత కజకిస్థాన్‌దే.

ముడిసరుకు అలాగే పోకుండా, వస్తువుగా మారి పోతే గొడవ ఇంకా ముదురుతుంది. కెన్యా మిఠాయి ఫ్యాక్టరీలు సుంకం మాఫీతో తెచ్చిన పారిశ్రామిక చక్కెర వాడుతున్నాయని 2018లో టాంజానియా, ఉగాండా వాటి మిఠాయి మీద 25 శాతం సుంకం వేశాయి. మీ దేశానికి మాత్రమే ఇచ్చిన మాఫీతో చేసిన వస్తువును కూటమిలోని ఇతర దేశాల్లో అమ్మితే సుంకం రాయితీ పోతుందని ముందే లెక్క వేసుకోవాలి. మాఫీ ముడిసరుకునూ, సుంకం కట్టిన ముడిసరుకునూ గోదాములో వేరుగా పెట్టండి. బ్యాచ్ రిజిస్టరు విడిగా రాయండి. ఏ బ్యాచ్ వస్తువు ఎక్కడికి పోయిందో ఇన్‌వాయిస్ మీద తెలియాలి. కలిపి పోసిన గోదాముకు ఆడిట్ వస్తే మొత్తానికీ సుంకం కట్టించుకుంటారు, పైగా జరిమానా.

ప్రశ్న: దిగుమతి సుంకం గురించే మాట్లాడుతున్నారు. కూటమిలోని పెద్ద దేశం తన ముడిసరుకు మీద ఎగుమతి సుంకం వేస్తే?
— విశ్రాంత స్టీల్ ప్లాంట్ ఉద్యోగి, గాజువాక

జవాబు: చాలా మంచి ప్రశ్న. చర్చల్లో ఇది తరచూ మర్చిపోయేది కూడా. ఆర్మేనియా మర్చిపోలేదు. చేరతామని 2013 సెప్టెంబరులో ప్రకటించి, అదే ఏడాది డిసెంబరులో రష్యాతో విడిగా ఒప్పందం కుదుర్చుకుంది. సహజవాయువు, పెట్రోలియం ఉత్పత్తులు, సానపట్టని వజ్రాల మీద రష్యా ఎగుమతి సుంకం వేయకూడదన్నది దాని సారం. సానపట్టే పరిశ్రమ ఉన్న దేశానికి దిగుమతి సుంకం సున్నా అయినా, అవతల ఎగుమతి సుంకం ఉంటే వజ్రం చవగ్గా రాదు. సంతకం పెట్టేముందు అడిగారు కాబట్టి దొరికింది. చేరిన తర్వాత బేరానికి బలం ఉండదు.

ప్రశ్న: ఆర్‌సెప్ కూటమి నుంచి మన దేశం బయటికి వచ్చేసినప్పుడు "ఆధార సంవత్సరం" గొడవ అన్నారు. ముడిసరుకు కొనే చిన్న పరిశ్రమకు దాంతో ఏం సంబంధం?
— ఫౌండ్రీ యజమాని, బాలానగర్, హైదరాబాద్

జవాబు: సుంకం తగ్గింపు ఏ రేటు నుంచి మొదలవ్వాలన్నదే ఆధార సంవత్సరం. ఆర్‌సెప్ ఆసియా, పసిఫిక్ దేశాల స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం; కస్టమ్స్ యూనియన్ కాదు, ఉమ్మడి బాహ్య సుంకం లేదు. కానీ లోపలి సుంకాల తగ్గింపుకు 2014 రేట్లు ఆధారం అన్నారు. ఆ తర్వాత మన దేశం చాలా సరుకుల మీద సుంకం పెంచింది కాబట్టి 2019 రేట్లు కావాలని అడిగింది. 2019 నవంబరు 4న బ్యాంకాక్‌లో చేరబోమని చెప్పడానికి ఇతర కారణాలతో పాటు ఇదీ ఒకటి. మిగతా 15 దేశాలు 2020 నవంబరు 15న సంతకం చేశాయి.

ఊహించిన అంకెలతో చూడండి. ఒక సరుకు 2014లో 10 శాతం, 2019లో 20 శాతం. పదేళ్లలో సమానంగా సున్నాకు తేవాలంటే మొదటి ఏడాది రేటు ఒక ఆధారంతో 9, ఇంకో ఆధారంతో 18. ఆ సరుకు తయారుచేసేవారికి 18 కావాలి. కొని వాడే మీకు 9 కావాలి. మన దేశంలో లోహం తయారుచేసేవారి సంఘాలు పెద్దవి, వాడేవారివి చిన్నవి, చెల్లాచెదురు. బాలానగర్, జీడిమెట్ల, ఆటోనగర్‌లలోని యూనిట్లు కలిసి టన్నుల లెక్కతో ఒక్క పట్టిక పంపితే వాణిజ్య శాఖ చదువుతుంది. వందమంది వేరువేరుగా పంపే ఫిర్యాదులకు ఆ బరువు ఉండదు.

ఒక మాట. ఇప్పటికే ఉన్న ఒప్పందాల కింద, ఉదాహరణకు ఆసియాన్ దేశాల నుంచి తక్కువ సుంకానికి తెచ్చినా, 2020 సెప్టెంబరు 21 నుంచి అమలైన నిబంధనల ప్రకారం సర్టిఫికెట్ ఒక్కటీ చాలదు. సరుకు అక్కడ ఎలా పుట్టింది, విలువలో ఆ దేశపు వాటా ఎంత అన్న సమాచారం దిగుమతిదారు దగ్గరే ఉండాలి. అయిదేళ్లు దాచాలి. సరఫరాదారు ఖర్చు వివరాలు ఇవ్వనంటే, కనీసం అడిగినప్పుడు మన కస్టమ్స్‌కు నేరుగా ఇస్తానని కొనుగోలు ఒప్పందంలో రాయించుకోండి.

ప్రశ్న: మా కంపెనీ హైదరాబాద్ నుంచి ఒక రసాయన ఇంటర్మీడియట్ (వేరే రసాయనం తయారీలో వాడే మధ్య దశ పదార్థం) తెప్పిస్తుంది. 6.5 శాతం సుంకం పడుతోంది. ఐరోపాలో దీన్ని ఎవరూ చేయరు. చేరిక చర్చలు ఎప్పుడో ముగిసిపోయాయి. ఇప్పుడేమైనా దారుందా?
— కొనుగోళ్ల విభాగం ఇంజనీరు, స్టుట్‌గార్ట్, జర్మనీ

జవాబు: ఉంది. ముందు ఇంకోటి చూడండి: మందుల మీద సుంకాలు తీసేస్తూ కొన్ని దేశాలు చేసుకున్న ఒప్పందం జాబితాలో మీ ఇంటర్మీడియట్ ఉందేమో. ఉంటే ఇప్పటికే సున్నా. ఆ ఒప్పందంలో మన దేశం లేకపోయినా, అక్కడి సున్నా అందరికీ వర్తించేదే కాబట్టి హైదరాబాద్ సరుకుకూ వస్తుంది. కోడ్ తప్పుగా వేయడం వల్ల సుంకం కడుతున్న కంపెనీలు ఉంటాయి.

జాబితాలో లేకపోతే సుంకం నిలుపుదలకు దరఖాస్తు చేయవచ్చు. కంపెనీ నేరుగా బ్రస్సెల్స్‌లోని ఐరోపా కమిషన్‌కు పంపకూడదు, జర్మనీ ప్రభుత్వం ద్వారా పోవాలి. ఏటా కనీసం 15,000 యూరోల సుంకం ఆదా అయ్యేటట్టు ఉండాలి. 6.5 శాతం రేటుకు అంటే ఏటా సుమారు 2.31 లక్షల యూరోల దిగుమతి. మీ ఒక్కరిదీ సరిపోకపోతే అదే రసాయనం వాడే ఇతర కంపెనీలతో కలిసి అడగవచ్చు. ఐరోపాలో ఉత్పత్తి అసలు లేకపోతే నిలుపుదల, ఉన్నా చాలకపోతే కోటా ఇస్తారు. పూర్తిగా తయారైన వస్తువుకు ఇవ్వరు.

వివరణ రాయడంలోనే ఎక్కువ దరఖాస్తులు పోతాయి. క్యాస్ నంబరు (ఒక్కో రసాయనానికి ఇచ్చే గుర్తింపు సంఖ్య), స్వచ్ఛత శాతం, రూపం పొడో ద్రవమో రాయండి. కస్టమ్స్ ల్యాబులో కొలవగలిగేదే రాయాలి. మీ కంపెనీ గ్రేడు పేరో, బ్రాండో రాస్తే తిరిగొస్తుంది. స్వచ్ఛత 99.5 శాతం అని బిగించి రాస్తే, ఒక లాటు 99.2 వచ్చినరోజు సుంకం పడుతుంది. మీ సరఫరాదారు గత లాట్ల విశ్లేషణ పత్రాలన్నీ తెప్పించి, అందులో అన్నిటికన్నా తక్కువ అంకెకు కాస్త కిందుగా పెట్టండి. మరీ కిందికి దించితే ఐరోపా తయారీదారు ఎవరో "మా సరుకు కూడా ఇందులోకి వస్తుంది" అని అభ్యంతరం పెడతారు.

జనవరి 1 నుంచి కావాలంటే ముందు ఏడాది మార్చి 15కల్లా, జులై 1 నుంచి కావాలంటే ముందు ఏడాది సెప్టెంబరు 15కల్లా దరఖాస్తు బ్రస్సెల్స్ చేరాలి. మీ ప్రభుత్వ శాఖ దాన్ని అంతకు కొన్ని వారాల ముందే అడుగుతుంది. సాధారణంగా అయిదేళ్లకు ఇస్తారు, గడువు ముగిసేలోపు పొడిగింపు విడిగా అడగాలి.